ఇట్లు తమ విధేయుడు

మార్కాపురము పలకలకు పుట్టినిల్లు. భూమి పొరలనుండి తీసిన నల్లరాతిని రేకులుగా చీల్చి, నునుపు చేసి, కొయ్యచట్రమున బిగించి దేశము నలుమూలలకు పంపిన యూరది. ఆ రాతిమీద ఓనమాలు దిద్దుకొన్న బిడ్డల నెవ్వరు లెక్కింపగలరు? అట్లు అక్షరములు నేర్చిన బాలుడు తొలిసారిగా మరియొకరికి వ్రాయు లేఖ యేది? తల్లికి గాదు, చెలికానికి గాదు. బడిపంతులుగారికి వ్రాయు సెలవుచీటి. అందు మొదటి మాట ‘అయ్యా’. కడపటి మాట ‘ఇట్లు తమ విధేయ విద్యార్థి’. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై, సంసారభారము మోసి, తల నెరసిన పిమ్మట, పట్టాదారు పుస్తకమున తప్పుపడిన సర్వే నంబరు కొరకో, నిలిచిపోయిన పింఛను కొరకో కచ్చేరి వాకిట నిలిచి మరల నొక లేఖ వ్రాయించును. ‘గౌరవనీయులైన తహశీల్దారుగారి దివ్యసముఖమునకు’ అని యది మొదలగును. ‘తమ విధేయుడు’ అని ముగియును. బడికిని కచ్చేరికిని నడుమ నేబది యేండ్లు గడచినవి. ఆ మాట మాత్రము పలకలోని రాయివలె ఉన్నచోటనే యున్నది.

ఇంతకు నీ ‘విధేయుడు’ ఎవ్వడు? ఎవ్వరికి విధేయుడు? ఏల విధేయుడు? దినమునకు వేలసార్లు వ్రాయబడు నీ మాటను నిలిపి యడిగినవారు కొలదిమంది. నేడు మేము అడుగదలచితిమి.

మొదట మాటల పుట్టుక విచారింతము. మన అర్జీలలో నాలుగు మాటలు తప్పక కనిపించును: విన్నపము, అర్జీ, వినయము, విధేయత. వీనిలో నొక్కటియు వెన్ను వంచుమని చెప్పదు. విన్నపము ‘విజ్ఞాపనము’నకు తద్భవము, జ్ఞానము, జ్ఞాపకము అను మాటలు ఏ ధాతువున బుట్టినవో యిదియు దానినుండియే పుట్టినది. దాని యర్థము ‘తెలియజేయుట’; తెలిసినవాడు తెలియనివానికి చెప్పుట. తన పొలపు గట్టు ఎక్కడ నున్నదో రైతునకు తెలియును, అధికారికి తెలియదు. కావున రైతు తెలియజేయుచున్నాడు. ఇందు చిన్నతన మేమున్నది? అర్జీ యన్నది అరబ్బీ మాట. ఎదుట నుంచుట, విన్నవించుట యని దాని భావము. వినయము ‘నీ’ ధాతువునుండి వచ్చినది. నడపుట, శిక్షణమిచ్చుట యని యర్థము. బౌద్ధ భిక్షువుల నియమగ్రంథమునకు ‘వినయపిటక’ మను పేరు అందుచేతనే కలిగినది. దొనకొండ చేరువను గుండ్లకమ్మ యొడ్డున చందవరపు స్తూపమును గొలిచిన భిక్షువులకు వినయ మనగా నొకనికి లోబడుట గాదు. చిన్న పెద్ద లందరును ఒకే నియమమునకు లోబడుట.

ఇక విధేయుడు. విధి, విధానము, విధాయకము, విధేయుడు: ఇవన్నియు నొక్క తల్లి బిడ్డలు. విధి యనగా శాసనము. విధికి లోబడినవాడు విధేయుడు. అట్లయిన, అర్జీ వ్రాసినవాడు విధేయుడే, దానిని పుచ్చుకొన్నవాడును విధేయుడే. 1950 జనవరి 26వ తేదీనుండి ఈ దేశమున నున్న పెద్ద విధి రాజ్యాంగ మొక్కటియే. బంట్రోతు మొదలు రాష్ట్రపతి వరకు దానికి విధేయులు గానివారు లేరు. అయినను ‘తమ విధేయుడు’ అని వ్రాయుటలో నా ‘తమ’ అను రెండక్షరములు అర్థమునంతటిని తలక్రిందులు చేయుచున్నవి. విధికి విధేయుడు కావలసినవాడు మనుష్యునికి విధేయు డగుచున్నాడు.

మాటలు ఇట్లు పతనమగుట క్రొత్త గాదు. శ్రీశైలయాత్రకు మార్కాపురము, దోర్నాలల మీదుగా పోవు బాట నడచినవారికి ‘దాసోహము’ అను మాట తెలియును. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు నిలిపిన ధర్మమున దాసోహ మనగా, తన కష్టముచే నార్జించినదానిని జంగములకును తోడివారికిని పంచిపెట్టి, ఆ పంచుటలో ‘నేను దాసుడను’ అని యహంకారమును విడుచుట. రాజులకు తల వంచనివారు పలికిన మాట యది. నేడు వార్తాపత్రిక విప్పిన ‘ధనమునకు దాసోహము’, ‘అధికారమునకు దాసోహము’ అను శీర్షికలే కనబడును. ఇచ్చువాని మాట లొంగువాని మాట యైనది. ‘చిత్తము’ సంగతియు నంతియే. చిత్త మనగా మనస్సు. దొర యేమన్నను ‘చిత్తము’ అనువాడు ‘నా మనస్సును ప్రక్కనుంచితిని, ఇక నున్నది తమ మనస్సే’ అని చెప్పుచున్నాడు. తెలంగాణమున ‘నీ బాంచను, కాల్మొక్త’ అను మాట ఎన్ని తరముల నాలుకలపై నెక్కి కూర్చున్నదో, 1946 మొదలు 1951 వరకు సాగిన రైతు పోరాటమున దానిని దించుటకు ఎంత రక్తము ధార వోయవలసి వచ్చెనో తెలుగువారు మరువలేదు.

ఇచట పాఠకులలో గొందరు ‘పెద్దలయెడ నణకువ కూడదనుచున్నారా?’ యని యడుగవచ్చును. అనుటలేదు. పెండ్లిపీటలమీది వధూవరులు పెద్దల పాదములకు మ్రొక్కుటయు, తాతగారు పిలువగా మనుమడు లేచి నిలుచుటయు, చదువు చెప్పిన పంతులుగారు బజారున నెదురైన సైకిలు దిగి నమస్కరించుటయు మన యిండ్ల సొంపులు. వానిని పోగొట్టుకొన్న జాతి బాగుపడదు. కాని వానిలో నొక రహస్య మున్నది. మ్రొక్కినవానికి దీవెన తిరిగివచ్చును. నమస్కారమునకు ప్రతినమస్కారము కలదు. మనుమడు లేచి నిలిచిన, తాత వానిని దగ్గర కూర్చుండబెట్టుకొనును. ఇచ్చిన గౌరవము చేయి మారి మరల వచ్చుచుండును. ఆ రాకపోకలున్నంతవరకు నది వినయము. పోవుటయే గాని వచ్చుట లేనప్పుడు అది దాస్యము. ఈ రెండింటిని గుర్తించుటకు వేఱు శాస్త్రము అక్కరలేదు.

ఈ కొలతతో మన అర్జీని కొలిచి చూతము. ‘ప్రార్థించుచున్నాను’ అని పౌరుడు వ్రాసెను. దానికి బదులేమి వచ్చినది? పెక్కుసార్లు ఒక ముద్ర, ఒక సంఖ్య, ‘మరల రండు’ అను మాట. ‘తమ విధేయుడు’ అనుదానికి బదులుగా ‘మీ విధేయుడు, ఫలానా అధికారి’ అని చేవ్రాలు చేసిన తెలుగు ప్రత్యుత్తరము నెవరైన చూచినచో వారు అదృష్టవంతులు.

వింత యేమనగా, ఈ మర్యాద నేర్పిన ఆంగ్లేయుల ఆచారమున నది రెండువైపులది. వారి కార్యాలయపు లేఖలలో పై యధికారి క్రింది యధికారికి వ్రాసినప్పుడు సైతము ‘మీ మిక్కిలి విధేయుడైన సేవకుడు’ అనియే ముగించుట వాడుక. గవర్నరు గుమాస్తాకు వ్రాసినను అదియే మాట. కనుక నది వారికి వట్టి లాంఛనము, బరువు లేదు. ఆ లాంఛనము మన దేశమున జమీందారుల దివాణములలోనికిని, కరణముల చావళ్లలోనికిని దిగి మన ‘చిత్తము’తో కలసినంతనే బరువెక్కినది. ఒకవైపు ముక్క తెగిపోయినది. వంగువాని ముక్కయే మిగిలినది. 1860లో వారు చేసిన శిక్షాస్మృతిలో ప్రభుత్వోద్యోగిని ‘పబ్లిక్ సర్వెంటు’, అనగా ప్రజాసేవకుడు, అని పిలిచిరి. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితయు నాతని నట్లే పిలుచుచున్నది. చట్టము సేవకు డన్నవాని సముఖము ‘దివ్యసముఖము’ అయినది. చట్టము యజమాని యన్నవాడు విధేయు డైనాడు. ఇంతకంటె వింత నాటక మేమి కావలెను?

మన జాతీయోద్యమ చరిత్ర యంతయు నొకవిధముగా నీ మాటతో చేసిన పోరాటమే. తొలినాళ్ల నాయకులు ప్రార్థనలు, విజ్ఞాపనపత్రములు సమర్పించి ఫలము కొరకు వేచియుండిరి. వారిని తక్కువచేసి మాటాడుట న్యాయము గాదు; దేశమునకు వ్రాయ నేర్పినవారు వారు. కాని ఎంత వినయముగా వ్రాసినను వినదలచనివాడు వినడని ఆ యనుభవమే నేర్పినది. 1917 ఏప్రిల్ 18వ తేదీన మోతీహారి న్యాయస్థానమున మహాత్ముడు నిలిచి, తాను ఉత్తరువును మీరినది అధికారముపై గౌరవము లేక గాదనియు, అంతరాత్మ యను మరింత పెద్ద శాసనమునకు విధేయుడనై యనియు తెలిపెను. విధేయత యెవ్వరికి చెందవలెనో అంతకంటె స్పష్టముగా చెప్పినవారు లేరు. దక్షిణాఫ్రికానాటి లేఖలలో ‘మీ విధేయ సేవకుడు’ అని చేవ్రాలు చేసిన యా మహాత్ముడే 1930 మార్చి 2వ తేదీన ఉప్పు సత్యాగ్రహమునకు ముందు వైస్రాయి ఇర్విను ప్రభువునకు వ్రాసిన లేఖను ‘ప్రియమిత్రమా’ అని మొదలిడెను. అందు తిట్టు లేదు, తలబిరుసు లేదు, వంగుటయు లేదు. మర్యాదకు లోపము రాకుండ సమానుడుగా నిలుచుట యెట్లో ఆ సంబోధన మొక్కటియే చూపుచున్నది.

అంతదూరము పోనేల? సముద్రతీరమున నున్న చీరాల పేరాలలు 2022 వరకు మన ప్రకాశము జిల్లాలోనివే. పురపాలక సంఘమును బలవంతముగా నెత్తినబెట్టి పన్నులు పెంచినప్పుడు ఆ జనులు మొదట విన్నపములే చేసికొనిరి. వినువారు లేకపోగా 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరము కట్టుకొని నెలల తరబడి కాపురముండిరి. పొరుగుననున్న పలనాటిలో పుల్లరి చెల్లింపమని నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు నేల కొరిగెను. 1928 ఫిబ్రవరి 3వ తేదీన చెన్నపురి వీథిలో సైమను కమీషను బహిష్కారమునాడు తుపాకుల యెదుట ఱొమ్ము చూపి నిలిచిన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరనే 1972లో ఈ జిల్లాకు నామకరణము చేసిరి. ఆ పేరుగల జిల్లానుండి పోవు అర్జీ ‘తమ విధేయుడు’ అని ముగియుచున్నది! పై చిరునామాలో ప్రకాశము; క్రింది చేవ్రాలులో దాస్యము.

ఇది కేవలము మాటల పట్టింపు గాదని చెప్పుటకు మా పడమటి తాలూకాల చరిత్రయే సాక్ష్యము. మార్కాపురము, గిద్దలూరు లొకప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినవి. అప్పటినుండి దశాబ్దములపాటు గిద్దలూరు రైతు ఒక కాగితము నిచ్చుటకు కలెక్టరుగారి యొద్దకు నూరు కిలోమీటర్లకు చాల మించిన దూరము బస్సులో పోయి, వరుసలో నిలిచి, చీకటి పడువేళకు తిరుగుముఖము పట్టెను. ఆ కాగితములలో తరచుగా నుండిన మాట యొక్కటియే: నీరు.

మా భూములు వానను నమ్ముకొన్నవి. కనిగిరి, మార్కాపురము ప్రాంతముల బోరుబావులలో ఫ్లోరైడు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి యుండరాదని ప్రమాణము. అది మీరిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టి, కీళ్లు బిగిసి, ఎముకలు వంకరవోవును. ఆ నీరు చాలదా, మా వెన్నులు వంచుటకు? విధేయత యను మాటయు దానికి తోడు కావలెనా?

వెలిగొండ కథ యందరెరిగినదే. శ్రీశైలము జలాశయమునుండి కృష్ణ వరదనీటిని నల్లమల కొండలక్రింద సుమారు పందొమ్మిది కిలోమీటర్ల జంట సొరంగముల ద్వారా తెచ్చి, 43.5 టి.ఎం.సి.ల నీటితో నాలుగు లక్షల యెకరములకు పైగా తడుపుటకును, పదునైదు లక్షల జనులకు త్రాగునీ రిచ్చుటకును ఉద్దేశింపబడిన పథక మది. 1996లో శంకుస్థాపన జరిగినది. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు దానికి పెట్టిరి. మొదటి సొరంగము త్రవ్వకము 2021లో, రెండవది 2024 జనవరిలో ముగిసినవి. 2024 మార్చి 6వ తేదీన సొరంగములను జాతికి అంకితము చేసిరి. శంకుస్థాపననాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరువదెనిమిదవ యేడు. ఆనాటికిని పొలములకు నీరెక్కలేదు. ముంపు గ్రామములవారికి పరిహారము ముట్టవలసియే యుండెను. ఈ నడుమ ఎన్ని ప్రభుత్వములు మారెను! ఏ పార్టీ తప్పు ఎంత యని మేమిచట తూకము వేయబోము. మే మడుగునది యొక్కటి: ఇన్నేండ్లు ‘ప్రార్థించుచున్నాము’ అని వ్రాసినదానికి మారుగా ‘ఏ తేదీకి ఏ పని ముగియును? ముగియనిచో బాధ్యుడెవ్వడు?’ అని యూరూరనుండి వ్రాసియుండిన, జవాబు చెప్పవలసినవారి వైఖరి యిట్లే యుండెడిదా? ప్రార్థనకు వరమీయవచ్చును, ఈయకపోవచ్చును; అది దేవుని యిష్టము. ప్రశ్నకు మాత్రము ఉత్తర మీయక తప్పదు.

కంబము చెరువును జూడుడు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి విజయనగర కాలమున నిర్మించిన యా చెరువు నేటికిని నిలిచియున్నది. 2020లో దానిని ప్రపంచ సేద్యపు వారసత్వ కట్టడముల జాబితాలో చేర్చిరి. రాజరికమున సైతము చెరువు త్రవ్వించుట ప్రభువు చేయు దయ గాదు, ప్రభువు తీర్చుకొను ఋణ మని మన పూర్వులు తలచిరి. ప్రజలే ప్రభువులైన కాలమున అది దయగా మారుట యెట్లు పొసగును?

‘మాటలు మార్చిన పనులగునా? వంగి వ్రాసినను కాని పని నిలిచి వ్రాసిన నగునా? పైగా అధికారికి కోపము వచ్చిన నున్నదియు పోవునే!’ అని లోకజ్ఞులు చెప్పుదురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. పింఛనుమీద బ్రతుకు ముసలమ్మను ‘నీవు ముందు నిలువబడుము’ అనుట నిర్దయ. ఆమె కాగితము ఆగిపోయిన ఆమె పొయ్యి యారిపోవును. కావున మార్పు బలహీనులనుండి మొదలు కారాదు. బలము గలవారినుండి మొదలు కావలెను. అట్లు పైనుండి మార్పు రాగలదని చెప్పుటకు దృష్టాంతములున్నవి. న్యాయమూర్తులను ‘ప్రభూ’ యని పిలుచు వాడుక పరపాలన శేషమని 2006లో న్యాయవాదుల మండలియే నియమము చేసెను. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీగారు తమ పేరునకు ముందు తగిలించు ఘనమైన బిరుదును దేశములో వాడవలదనిరి. రాష్ట్రపతికే అక్కరలేని దివ్యత్వము తహశీల్దారుగారి కేల?

కాగా మా సూచనలు నాలుగు. మొదటిది బడులకు. సెలవుచీటిలో ‘విధేయ విద్యార్థి’ మాని ‘ఇట్లు, మీ విద్యార్థి’ అని వ్రాయనేర్పుడు. లేదా ‘భవదీయుడు’, అనగా ‘మీవాడు’, అనుట చాలును. ప్రేమ యున్నచోట విధేయత తానే వచ్చును. రెండవది కచ్చేరులకు. అందిన ప్రతి విన్నపమునకును తేదీతో కూడిన వ్రాతపూర్వకమైన జవాబిచ్చి, దానిక్రింద ‘మీ సేవకుడు’ అని అధికారి చేవ్రాలు చేయవలెను. విధేయత మర్యాదయే యైనచో మర్యాద రెండువైపుల నుండనిండు. మూడవది అర్జీలు వ్రాయు గుమాస్తాలకు. ‘దివ్యసముఖము’ కొట్టివేయుడు, ‘ప్రార్థించుచున్నాను’ అనుచోట ‘కోరుచున్నాను’ అని వ్రాయుడు, అడుగుచున్నది ఏ చట్టము క్రింద హక్కో ఆ చట్టము పేరు వ్రాయుడు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయు పౌరుడు ‘నాకీ సమాచార మెందుకు’ అని కారణము చెప్పనక్కరలేదు; ముప్పది దినములలో జవాబు రావలెను. కారణమే చెప్పనక్కరలేనివాడు కాళ్లకు మ్రొక్క నేల?

నాలుగవది ఈ పత్రికను చదువుచున్న మీకు. ఊరూర పఠనమందిరము లున్నవి. వాని గోడమీద నొక మంచి అర్జీ నమూనాను పెద్ద అక్షరములతో వ్రాసి తగిలింపుడు. వ్రాయనేరనివానికి ప్రక్కన కూర్చుండి వ్రాసిపెట్టుడు. వానితోగూడ కచ్చేరికి నడువుడు. ఒంటరివాని నిలుకడ తలబిరుసుగా తోచును. నలుగురు కలసి నిలిచిన నది హక్కుగా కనబడును. చీరాల జనులు నేర్పిన పాఠ మిదియే.

మేము కోరునది అమర్యాద గాదు. అధికారిని ‘అయ్యా’ యని పిలువుడు, ‘గారు’ చేర్పుడు, ఎదురుపడిన నమస్కరింపుడు. ఆయనయు మనవంటి తల్లి కన్న బిడ్డయే, ఆయనకును ఇల్లు వాకిలి కలవు. కాని చేవ్రాలు చేయుచోట ‘విధేయుడు’ అని వ్రాయవలసివచ్చిన, ‘విధికి విధేయుడు’ అని వ్రాయుడు. అట్లు వ్రాసిన కాగితము నందుకొన్న అధికారికిని తాను దేనికి విధేయుడో జ్ఞప్తికి వచ్చును. మార్కాపురపు పలకమీద వ్రాసినది తుడుచుటకు తడిగుడ్డ చాలును. తుడిచినచోట మన బిడ్డ లేమి వ్రాయవలెనో పెద్దలమైన మనము నేర్పవలెను.